పేరు పెట్టి పిలువు

సోమవారం

నా తర్వాత తాడు పట్టుకోబోయే అమ్మాయికి,

ముందుగా నా రాతకు ఏమీ అనుకోకు. నేను ఐదో తరగతిలో ఉండగా మా ఊరు సముద్రంలో కలిసింది. బడి కూడా దానితోపాటే పోయింది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. పైగా రబ్బరు తొడుగులు తీయకుండా రాయాలని మేస్త్రి ఆజ్ఞ. అందుకని అక్షరాలు పీతలు నడిచినట్టు వంకరగా వస్తున్నాయి. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో.

నా పేరు వరహాలు. మా ఆయనా నేనూ ఈ పనిలో చేరి కొద్ది నెలలే అయింది. పాత భవనాలను కూల్చే ముందు లోపల మనుషులకు చెరుపు చేసేవి ఏమున్నాయో వెతికి గుర్తు పెట్టాలి. జంటలనే తీసుకుంటారు. మొగుడు నడుముకు తాడు కట్టుకుని లోపలికి వెళ్తాడు. పెళ్ళాం గుమ్మం బయట రెండో కొస పట్టుకుని కూర్చుంటుంది. పెళ్ళామైతే తాడు వదిలేసి టీ తాగడానికి పోదని దాలయ్య మేస్త్రి నమ్మకం. ఏ రోజు ఏం జరిగిందో తాడు పట్టినామె రాసిపెట్టాలి. తర్వాత వచ్చే ఆమె అది చదివాకే తాడు ముట్టుకోవాలి.

ఈసారి మాకు వెన్నెల నిలయం పడింది. పాతరేవులో ఇంకా నిలబడి ఉన్న పెద్ద భవనం అదొక్కటే. కింది రెండు అంతస్తులు నీళ్ళలో ఉన్నాయి. కట్ట మీంచి మూడో అంతస్తు వసారాకు బల్లలు వేశారు. దీన్ని కూల్చిన రాయీ ఇటుకా ఆ కట్టకే పోస్తారట. మన రేకుల ఇళ్ళకూ సముద్రానికీ మధ్య ఉన్నది ఆ కట్టే కదా.

పొద్దున్న తాడు ఎండలో ఆరేశాను. ముక్కు గుడ్డలు ఉడకబెట్టాను. ఆయన సంచిలో గుడ్డ పేలికలు పెట్టాను. రాతినార కలిసిన సిమెంటు రేకు కనిపిస్తే పసుపు పేలిక, సీసం కలిసిన రంగుకు నీలం, ట్యూబులైట్ల పాదరసానికి తెలుపు. ఎరుపు మాత్రం పలికే గోడకు.

పలికే గోడల సంగతి మా నాయనమ్మ చెప్పేది. ఒకప్పుడు డబ్బున్నవాళ్ళు గోడలకు ప్రాణమున్న సున్నం పూయించుకునేవారట. గోడకు చెబితే దీపం వెలిగేదట, పాపకు జోలపాట వినిపించేదట. మనుషులు ఇళ్ళు వదిలి పోయారు. ఆ సున్నం మాత్రం సముద్రపు చెమ్మ తాగుతూ బతికే ఉంది. వినడానికి మనుషులు లేక, విన్న మాటలే తనలో తాను అనుకుంటూ ఉంటుంది.

దాన్ని పరీక్షించే పద్ధతి తేలికే. గోడ మీద వేలితో కొట్టి "ఎవరండీ ఇంట్లో?" అనాలి. చచ్చిన గోడైతే మన మాటే మనకు తిరిగొస్తుంది. బతికున్న గోడైతే జవాబు చెబుతుంది.

ఈ రోజు ఆయన మూడో అంతస్తంతా చూశారు. అన్నీ చచ్చిన గోడలే. వంటింట్లో మాత్రం పసుపు పేలికలు కట్టారు.


మంగళవారం

నేను మాట్లాడటం తక్కువ. పెళ్ళైన కొత్తలో ఆయన ఏదైనా అడిగితే తల ఊపేదాన్ని. ఆయనతో నాకు మాటలు కలిసింది తాడు వల్లే. ఒకసారి లాగితే బాగున్నానని. రెండుసార్లు లాగితే తాడు వదులు చెయ్యమని. మూడుసార్లు లాగితే వస్తున్నానని. ఇంట్లో కూడా నేను పొయ్యి దగ్గర ఉంటే ఆయన వెనకనుంచి నా కొంగు ఒకసారి లాగుతారు. నేనూ ఆయన చొక్కా ఒకసారి లాగుతాను.

తాడుతో పాటు ఇంకో పద్ధతి ఉంది. లోపలున్న మనిషిని గడియకోసారి పేరు పెట్టి పిలవాలి. అతను నోటితో బదులివ్వకూడదు, తాడు లాగాలి. ఇళ్ళలో జనం అనుకునే మాటలన్నీ గోడకు వచ్చు. మన పేర్లు మాత్రం దానికి రావు. కొత్త మాట నేర్చుకోవాలంటే దానికి చాలా రోజులు పడుతుంది. అందుకని పేరు పెట్టిన పిలుపు బయటనుంచి వచ్చిందని, తనవాళ్ళదేనని లోపలి మనిషికి తెలుస్తుంది.

నాకేమో ఆయన పేరు నోట రాదు. మా అమ్మ అనలేదు, నాయనమ్మ అనలేదు. కట్ట మీద నలుగురు మగవాళ్ళ ముందు మొగుణ్ణి పేరు పెట్టి కేక వేయడమంటే నాకు చెమటలు పడతాయి.

పక్కనున్న చిన్న ఇంటి దగ్గర తాడు పట్టే నూకాలు పిన్ని ఈ రోజు నన్ను పట్టుకుంది.

"ఓలే వరాలూ, మొగుడి పేరంటే నోరు కాల్తాదేటే నీకు?"

"అది కాదు పిన్నీ..."

"ఏటి కాదు? మా ఆయన్ని నేను రోజుకి వందసార్లు పిలుస్తాను. సగం పేరుతోటి, సగం తిట్లతోటి. ఇంకా సావనేదు, ఎదురుగుండా కూకొని సుట్ట కాలుస్తన్నాడు, సూడు."

అందరూ నవ్వారు. నేను తల దించుకుని "ఏమండీ" అని పిలిచాను. లోపలినుంచి తాడు ఒకసారి కదిలింది.

ఇంటికి వెళ్ళాక ఆయన్నే అడిగాను, అలా పిలిస్తే సరిపోతుందా అని.

"నీ గొంతు నాకు తెలీదేటే పిచ్చిదానా? ఏమండీ అను, సాలు" అన్నారు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంతవరకూ మేము చూసిన భవనాలన్నిటిలోనూ గోడలు చచ్చే ఉన్నాయి. అందుకే ఆయనకు అది పెద్ద విషయం అనిపించలేదు, నాకూ అనిపించలేదు.


గురువారం

ఐదో అంతస్తులో గోడ పలికింది.

ఆయన బయటికి వచ్చి బల్ల మీద కూర్చుని నీళ్ళు తాగారు. దాలయ్య మేస్త్రి దగ్గరికొచ్చి అడిగాడు.

"ఏటంది?"

"ఎవరండీ ఇంట్లో అన్నాను. వచ్చేశావా, కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను అంది."

"ఆడగొంతా, మగగొంతా?"

"ముసలమ్మ."

"ఎర్రపేలిక కట్టావా?"

"కట్టాను."

"మిగతా అంతస్తులు బేగి ముగించు. శనివారానికి మంటలోళ్ళని రప్పిస్తాను" అన్నాడు దాలయ్య.

పలికే గోడను పగలగొట్టకూడదు, ముందు కాల్చాలి. నిప్పుకు తప్ప అది చావదు. ఉప్పుటేరు వీధి సంగతి నువ్వూ వినే ఉంటావు. ఎవరో చూడకుండా పగలగొట్టిన గోడ పొడి తెచ్చి అక్కడి ఇళ్ళకు గచ్చు చేశారు. కొన్నాళ్ళకు ఆ గచ్చు మాట్లాడింది. పోయినవాళ్ళ గొంతులతో తిన్నావా, పడుకున్నావా అని అడిగేదట. వీధి వీధంతా పనులు మానేసి నేల మీద చెవి ఆనించి పడుకున్నారు. పిన్ని తమ్ముడు ఆ వీధిలోనే ఉండేవాడు. వెళ్ళి చూసేసరికి పొయ్యి మీద గిన్నె పెట్టి ఉంది, కింద నిప్పు లేదు. అతను నేల మీద నవ్వు మొహంతో ఉన్నాడట, డొక్కలు ఎండిపోయి. ఇంతకు మించి పిన్ని ఎప్పుడూ చెప్పదు.

సాయంత్రం ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఆకలి లేదన్నారు. లోపలేమైనా తిన్నారా అని నవ్వులాటకు అడిగాను. ఆయన నవ్వలేదు.


శుక్రవారం

ఈ రోజు ఆరూ ఏడూ అంతస్తులు చూశారు. నేను గడియకోసారి పిలిచాను. తాడు ప్రతిసారీ కదిలింది. కానీ ఒకసారి నేను పిలవకుండానే కదిలింది.

బయటికి వచ్చాక అడిగాను. ఆయన నన్ను వింతగా చూశారు.

"నువ్వు పిలిసినావు కదా?"

"లేదండీ."

"ఏమండీ అన్నావు. రెండుసార్లు అన్నావు. బేగి రండి అన్నావు."

"నేను అనలేదు."

"నీ గొంతే వరాలూ."

అప్పుడు నాకు అర్థమైంది. కొత్త మాట నేర్వడానికి గోడకు రోజులు పడుతుంది. కానీ ఏమండీ అనే మాట దానికి కొత్తది కాదు. ఆ భవనంలో ఎన్ని వాటాలున్నాయో అంతమంది ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి అదే మాట అన్నారు. వంటింట్లోంచి అన్నారు, మంచం మీంచి అన్నారు, కోపంలో అన్నారు, ప్రేమలో అన్నారు. అన్నిటికంటే బాగా నేర్చిన మాట అదే. గొంతు ఒక్కటే కొత్తది. సోమవారం నుంచి ఆ గొంతు నేనే మెట్లదారిలోకి పంపిస్తున్నాను.

"రేపు వెళ్ళకండి" అన్నాను.

"ఎనిమిదో అంతస్తొక్కటే ఉంది. అది సూడకుండా కాలిస్తే పాదరసం ఆవిరి మన ఇళ్ళ మీదికే వస్తాది. ఉయ్యాల్లో పిల్లలున్నారు వీధిలో."

ఆ మాట నిజమే. మేస్త్రికి చెప్పమన్నాను. చెబుతానన్నారు గానీ చెప్పలేదని నాకు తెలుస్తూనే ఉంది. నేనే చెబుదామని దాలయ్య గుడారం దాకా వెళ్ళాను. లోపల మంటలవాళ్ళు పదిమంది కూర్చుని చీట్లాడుతున్నారు. గుడ్డ పక్కన నిలబడి, నిలబడి, తిరిగొచ్చేశాను.

వచ్చాక ఖాళీ నీళ్ళ పీపాలో తల పెట్టి ఆయన పేరు అని చూశాను. పెదాలు కదిలాయి, చప్పుడు రాలేదు. మళ్ళీ అన్నాను. ఈసారి ఊపిరిలా వచ్చింది. రేపు పిలుస్తాను. తప్పకుండా పిలుస్తాను.


శనివారం

చెల్లీ, ఇది జాగ్రత్తగా చదువు.

పొద్దున్న ఆయన లోపలికి వెళ్ళారు. మంటలవాళ్ళు గొట్టాలు, పీపాలు తెచ్చి కట్ట మీద వరసగా కూర్చున్నారు. ఒకడు నన్ను చూసి పక్కవాడితో ఏదో అని నవ్వాడు. నా నాలుక మళ్ళీ అంగిలికి అంటుకుపోయింది. మొదటి పిలుపు "ఏమండీ" అనే పిలిచాను.

తాడు కదిలింది.

కాసేపటికి రెండుసార్లు కదిలింది. వదులు చేశాను. మళ్ళీ రెండు. మళ్ళీ వదులు చేశాను. ఎనిమిదో అంతస్తుకు ఇంత తాడు పట్టదే అనుకున్నాను. ఆపైన కదలలేదు. మెల్లగా లాగి చూశాను. బరువు లేదు. లాగుతూనే ఉన్నాను, తాడు మెట్లన్నీ దిగి నా కాళ్ళ దగ్గరికి వచ్చేసింది.

కొస తెగలేదు. ముడి విప్పి ఉంది.

నూకాలు పిన్ని దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. "ఇప్పేసుకోమని అడిగింటాదే అది. కూడు తినేకాడ తాడెందుకని" అంది. ఇంక ఆమె ఏ హాస్యమూ ఆడలేదు.

దాలయ్య మేస్త్రి వచ్చాడు. పద్ధతి ప్రకారం తాడు ఊడితే వెనక ఎవరినీ పంపకూడదు. వెళ్ళినవాడు కూడా కూర్చుండిపోతాడు. పోటు నీళ్ళు బల్లలను ముట్టేదాకా చూసి తర్వాత నిప్పు పెట్టాలి. దాలయ్య నా మొహం చూడకుండా ఇదంతా చెప్పాడు.

"అంతదాకా పిలువమ్మా. నువ్వేటని పిలుస్తన్నావు అతన్ని?"

నేను చెప్పలేదు. పిన్ని చెప్పింది.

దాలయ్య నెత్తిన చేతులు పెట్టుకుని బల్ల మీద కూలబడిపోయాడు. "ఓలమ్మా, ఏ కొంపలోనైనా మొదట పలికే మాట అదే కదే" అన్నాడు.

నేను గుమ్మం దాటి మెట్ల దగ్గర నిలబడ్డాను. పైనుంచి నా గొంతే వినిపించింది. మెల్లగా, ముద్దుగా. నేను ఆయనతో ఎప్పుడూ అంత ముద్దుగా మాట్లాడలేదు. "ఏమండీ. ఇంకొంచెం వేసుకోండి. ఏమండీ. కాసేపు పడుకోండి."

నాకు సిగ్గుకంటే ముందు కోపం వచ్చింది. నా మొగుడితో నేను అనాలని అనుకుని అనలేకపోయిన మాటలన్నీ అది అనేస్తోంది.

"గౌరినాయుడూ!"

ఆ కేక నాదేనా అని నేనే ఉలిక్కిపడ్డాను. వెనక మంటలవాళ్ళు లేచి నిలబడ్డారు. భవనం ఒక్కసారిగా మూగబోయింది. మెట్ల కింద నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

తర్వాత పై అంతస్తులన్నీ కలిసి అరిచాయి. ముసలి గొంతులు, పడుచు గొంతులు, నిద్రమత్తు గొంతులు, అన్నీ ఏమండీ, ఏమండీ అని నా కేకను కప్పేయాలని చూశాయి. నేను ఆపలేదు. గౌరినాయుడూ, గౌరినాయుడూ అని అరుస్తూనే ఉన్నాను. పిన్ని వచ్చి నా పక్కన నిలబడి తనూ అరిచింది, మధ్యలో అలవాటుగా రెండు తిట్లు కూడా కలిపింది. గొంతులో నెత్తురు రుచి తగిలింది. నీళ్ళు బల్లలను తాకాయని వెనకనుంచి దాలయ్య చెబుతున్నాడు.

అప్పుడు మెట్ల మీద అడుగులు వినిపించాయి.

ఆయన గోడ పట్టుకుని దిగి వస్తున్నారు, నిద్రలో నడుస్తున్నట్టు. మీసాల మీద తెల్లటి పొడి. ముక్కు గుడ్డ లేదు. నన్ను చూసి "అన్నం సల్లారిపోద్దన్నావు కదా" అన్నారు. పిన్ని తాడు ఆయన నడుముకు చుట్టింది. ఇద్దరం కలిసి ఈడ్చుకొచ్చాం.

మేము కట్ట మీదికి చేరాక లోపల మళ్ళీ పిలుపు మొదలైంది. ఈసారి ఏమండీ అని కాదు. పై అంతస్తులన్నీ నా గొంతుతో "గౌరినాయుడూ" అంటున్నాయి. కొత్త మాటను ఇంత త్వరగా నేర్చుకోవడం తన ఎరుకలో లేదని దాలయ్య అన్నాడు. "పెట్టండ్రా నిప్పు" అన్నాడు.

పైకప్పు కూలేదాకా అది పిలుస్తూనే ఉంది. ఆయన ఆ పక్కకే చూస్తూ నిలబడ్డారు. తాడు నా చేతికి రెండు మడతలు చుట్టుకుని పట్టుకున్నాను.


మంగళవారం

పొడి పీల్చినవాళ్ళను కొన్నాళ్ళు కనిపెట్టి ఉండాలి. బూడిద నీళ్ళతో పుక్కిలించాలి. ఎవరితోనూ మాట్లాడకూడదు. ఆదివారమూ సోమవారమూ బాగానే ఉన్నారు. వలకు అతుకులు వేశారు. పిన్ని గుమ్మం అవతల చేపల పులుసు పెట్టి వెళ్ళింది, ఇద్దరం తిన్నాం. ఆయన సైగ చేసి రెండోసారి వడ్డించుకున్నారు. అంతా అయిపోయిందని అనుకున్నాను.

ఈ మధ్యాహ్నం భోజనం చేసి ఆయన పడుకున్నారు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. రేకుల మీద ఎండ చిటపటలాడుతోంది.

"వచ్చేశావా? కాళ్ళు కడుక్కో."

ముసలమ్మ గొంతు. గుమ్మం వైపు చూశాను, ఎవరూ లేరు. మళ్ళీ వినిపించింది. మంచం దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళు మూసే ఉన్నాయి. పెదాలు కదలడం లేదు. మాట గొంతు లోపలినుంచి వస్తోంది. తర్వాత పాపాయి నవ్వు వచ్చింది. ఆ తర్వాత నా గొంతు వచ్చింది, "ఏమండీ" అని.

చేటలో బియ్యమంతా ఒలికిపోయింది. ఆ చప్పుడుకు ఆయన లేచి నా మొహం చూశారు. ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేకపోయింది. చేత్తో నోరు మూసుకున్నారు.


బుధవారం

గొంతులో సున్నం పట్టినవాళ్ళను మౌనదీవికి పంపుతారు. అక్కడ ఇళ్ళన్నీ వెదురూ తాటాకూ. సున్నమూ సిమెంటూ చిటికెడు కూడా ఉండవు. మాట్లాడటం నిషేధం. అక్కడినుంచి తిరిగి వచ్చినవాళ్ళు లేరు.

చెప్పకుండా దాచవచ్చు. నాకు ఆ ఆలోచన రాలేదని అబద్ధం రాయను. రాత్రంతా అదే ఆలోచించాను. కానీ పక్కింటివాళ్ళు వచ్చే నెలలో గచ్చు పోయించుకుంటున్నారు, పాకే పిల్ల కోసం. ఆయన దగ్గితే చాలు, ఆ పచ్చి గచ్చుకు అది పట్టేస్తుంది. పొద్దున్నే నేనే దాలయ్య గుడారానికి వెళ్ళాను. మంటలవాళ్ళందరూ ఉన్నారు. అందరి ముందూ చెప్పాను. నా మాట తడబడలేదు.

"పడవ రేపొస్తాది" అన్నాడు దాలయ్య. "నువ్వు ఎళ్ళక్కర్లేదమ్మా. నీకు పట్టనేదు. ఇంకో పని సూపిస్తాను."

"నేనూ వెళ్తాను."

పిన్ని నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఎర్రి గుంటా! ఎళితే రావడం నేదే! నోరిప్పకుండా ఎలాగ బతుకుతావే అక్కడ?"

"నేను నోరు విప్పింది ఎప్పుడు పిన్నీ, మొన్న ఒక్కరోజు తప్ప?"

పిన్ని నవ్వబోయి ఏడ్చేసింది.

ఇంటికి వచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు, పెదాలు బిగించి. తాడు ఒక కొస తన చేతికి కట్టుకున్నారు. రెండో కొస నా చేతిలో పెట్టారు. నా కళ్ళలోకి చూస్తూ రెండుసార్లు లాగారు.

వదులు చెయ్యమని.

నేను ఆ కొసను నా మణికట్టుకు చుట్టి ముడి వేశాను. పళ్ళతో పట్టి బిగించాను. తర్వాత ఒకసారి లాగాను.


గురువారం

పడవ వచ్చింది. ఒడ్డున ఆగి ఉంది.

చెల్లీ, వెన్నెల నిలయం కాలిపోయింది గానీ పాతరేవు వెనక ఇంకా చాలా ఇళ్ళున్నాయి. ఈ రేకుల ఇంట్లోకి నువ్వూ మీ ఆయనా వస్తారు. కొత్త తాడు మేకుకు వేలాడుతోంది. ఎండలో ఆరబెట్టుకో. నీకూ సిగ్గు ఉంటుందేమో. మీ అమ్మ కూడా మీ నాన్నను పేరు పెట్టి పిలిచి ఉండదేమో. నీళ్ళ పీపా పెరట్లోనే ఉంది, అందులో తల పెట్టి అలవాటు చేసుకో. మొదటి రోజునుంచీ పేరే పిలువు. ఎవరు నవ్వితే నవ్వనీ.

పిన్నికి చదవడం రాదు, మేస్త్రి మా చేతి కాగితం ముట్టుకోడు, దీన్ని వేరే కాగితం మీదికి ఎక్కించేవాళ్ళు లేరు. అందుకే ఈ కాగితాలు ఇలా వదిలి వెళ్ళక తప్పడం లేదు. రేకు డబ్బాలో పెట్టి మూత బిగించాను. పైన అగ్గిపెట్టె పెట్టాను. ఆయన ఊపిరి తగిలిన గదిలోనే ఇవన్నీ రాశాను. నిన్న అన్నీ ఒక దగ్గర మడత పెడుతుంటే వేళ్ళకు తెల్లగా ఏదో అంటింది.

మూత మీద రాసిందే మళ్ళీ రాస్తున్నాను. తొడుగులు వేసుకునే పట్టుకో. గోడలకు దూరంగా, ఆరుబయట నిలబడి చదువు. మనసులోనే చదువు, పైకి చదవకు. అయిపోగానే అన్నిటినీ కలిపి కాల్చెయ్యి, ఒక్క ముక్క కూడా దాచుకోకు. బూడిద సముద్రంలో కలిపెయ్యి.

కాలేటప్పుడు ఇందులోంచి ఎవరైనా పిలిస్తే పలకకు. అది నా గొంతులాగే ఉంటుంది. నేను కాదు. నేను వెళ్ళిన చోట ఎవరూ ఎవరినీ నోటితో పిలవరు.